అభిమాన నవలను మళ్లీ చదవడం: ‘తులసిదళం’, ‘తులసి’

ఒకప్పుడు ఇష్టంగా చదివిన నవల వివాదంలో పడినప్పుడు పాఠకుడు దాన్ని ఎలా అంచనా వేయాలి? ఈ ప్రశ్న ఇతర భాషల్లోనూ ఎదురవుతోంది. 1997 నుంచి 2007 వరకు ఏడు నవలలుగా వెలువడిన ‘హ్యారీ పాటర్’ రచయిత్రి జె.కె. రౌలింగ్, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి 2020లో వెల్లడించిన అభిప్రాయాలతో ఆమె అభిమానులే రెండుగా చీలారు. కొందరు ఆ పుస్తకాలను పక్కన పెట్టారు. మరికొందరు రచయిత్రి వేరు, రచన వేరు అన్నారు.

తెలుగులో దీనికి దగ్గరి ఉదాహరణ యండమూరి వీరేంద్రనాథ్ నవల ‘తులసిదళం’, దాని కొనసాగింపు ‘తులసి’. 1980ల తొలినాళ్లలో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ధారావాహికగా వచ్చిన ‘తులసిదళం’ అసాధారణమైన పాఠకాదరణ పొందింది. అదే స్థాయిలో వ్యతిరేకతనూ ఎదుర్కొంది. అది మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ తీవ్రంగా విమర్శించారు. ఈ తరహా నవలలకు ‘క్షుద్ర సాహిత్యం’ అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

ఈ రెండు వివాదాల మధ్య ఒక భేదాన్ని గమనించండి. రౌలింగ్ విషయంలో వివాదం నవలల వెలుపల ఆమె అన్న మాటలతో మొదలైంది. ఇక్కడ వివాదం నవల లోపలే ఉంది. కాబట్టి ‘రచయిత వేరు, రచన వేరు’ అన్న సమాధానం మనకు ఉపయోగపడదు. రచననే పరిశీలించాలి.

తులసి అనే చిన్నారిపై ‘కాష్మోరా’ అనే ప్రయోగం జరగడం ‘తులసిదళం’లోని ప్రధానాంశం. నవలలో మంత్రగాళ్లతో పాటు వైద్యులూ ఉన్నారనీ, సైన్సుకూ చోటిచ్చి నిర్ణయాన్ని పాఠకులకే వదిలారనీ అభిమానులు వాదిస్తారు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. అయితే కథలో ఏది మన కళ్ల ముందు జరుగుతుంది, ఏది పాత్రల సంభాషణలో వినిపిస్తుంది అని కూడా అడగాలి. మాంత్రికుడు కాద్రా చేసే ప్రయోగం దృశ్యంగా కనిపిస్తుంది. శాస్త్రీయ వివరణ ఎక్కువగా మాటల్లో వస్తుంది. పాఠకుడి మనసులో దృశ్యం నిలిచినంతగా వాదన నిలవదు. అందువల్ల రెండు పక్షాలకూ చోటు దక్కినా, బరువు ఒకవైపే పడుతుంది.

ఈ చర్చ పుస్తకాలకే పరిమితమైనది కాదు. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంత విద్యార్థులకు బాణామతి, చేతబడి అన్న మాటలు కొత్తవి కావు. తెలంగాణ గ్రామాల్లో ఈ అనుమానంతో మనుషులను కొట్టి, పళ్లు ఊడగొట్టి, చంపిన ఘటనలు ఉన్నాయి. నవలలో పాప బాధ వెనుక నిజంగానే ఒక మాంత్రికుడున్నాడు. ఊళ్లో జ్వరానికి, పశువుల చావుకు కారణమని నిందపడే మనిషి మాత్రం ఏ పాపమూ ఎరగని పొరుగువాడు. ‘రోగం వెనుక ఎవరిదో చెయ్యి ఉంది’ అనే ఊహ నవలలో ఉత్కంఠను పెంచుతుంది. అదే ఊహ ఊళ్లో ఒకరి ప్రాణం మీదికి తెస్తుంది.

అలాగని ఒక నవలే ఈ హింసకు కారణమనడం సరికాదు. బాణామతి భయం నవల కంటే చాలా పాతది. మామూలు మధ్యతరగతి ఇంట్లోకి భయాన్ని తీసుకురావడంలో, వచ్చే వారం సంచిక కోసం పాఠకుణ్ణి ఎదురుచూసేలా చేయడంలో యండమూరి నేర్పును కాదనలేం. ఆ నేర్పును మెచ్చుకుంటూనే, అది ఏ నమ్మకానికి బలమిచ్చిందో అడగడమే పునర్మూల్యాంకనం. ఇందుకోసం నవల మీద ఇష్టాన్ని వదులుకోనక్కరలేదు. ఆ ఇష్టాన్నే జవాబుగా చూపకుండా ఉంటే చాలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీకు నచ్చిన ఒక నవలలో దృశ్యంగా చూపిన విషయానికి, పాత్రల మాటల్లో చెప్పిన విషయానికి మధ్య తేడాను పది వాక్యాల్లో వివరించండి.