రాజు చదువలేని వ్రాత

రెంబ్రాంటు 1636–38 ప్రాంతమున చిత్రించిన ‘బెల్షస్సరు విందు’ లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. యెరూషలేము దేవాలయమునుండి కొల్లగొన్న పాత్రలలో మద్యము త్రాగుచున్న బబులోను రాజునకు, గోడపై వ్రాయుచున్న చేయి కానవచ్చును. ఉలికిపడి చేయి విసరగా పాత్ర యొలికినది. తలపాగపై కిరీటము మాత్రము నిలిచియే యున్నది.

విమర్శకులు ఈ భీతిని మెచ్చుకొందురు. నాకు మిన్నగ తోచునది లిపి. హెబ్రీ అక్షరములు కుడినుండి ఎడమకు సాగక నిలువు వరుసలుగ దిగినవి. ఆమ్‌స్టర్‌డాము యూద పండితుడు మెనస్సే బెన్ ఇశ్రాయేలు 1639 నాటి గ్రంథమున నిట్లే చూపెను. ఆస్థాన విద్వాంసులు చదువలేకపోవుటకు ఈ వరుసయే హేతువట.

చివరి ‘నూన్’ అక్షరము ‘జాయిన్’ వలె పొట్టిగ నున్నది. తప్పనువారు కలరు, పలకలు దిద్దు మాబోంట్లకు ముందు కనబడునదియు నదియే! కాని చేయి ఇంకను దానిపైననే యున్నది. వ్రాత ముగియకముందే తప్పు పెట్టనేల?

దానిని చదివినవాడు చెరపట్టి తేబడిన యూదుడు, దానియేలు. అతడు ఈ పటమున లేడు.