అరువు కమాను

హూడి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారి మధ్య బెంగళూరు చర్చిల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ వారం మళ్లీ వినిపించినది పాత తీర్పే: అసలైన చర్చిని చూడాలంటే యూరప్ పల్లెలకే వెళ్లాలి, ఇక్కడివన్నీ వాటికి నకళ్లు. ప్రార్థనామందిరం తాను నిలిచిన నేల మట్టితో, రాతితో, ఆ ఊరి మేస్త్రీల చేతి అలవాటుతో రూపు దిద్దుకోవాలన్న వాదం ఈ శీర్షికలో ఏళ్ల తరబడి సాగుతున్నదే కనుక, ఆ తీర్పును ఇక్కడ సమర్థించడమే సహజమని పాఠకులు అనుకోవచ్చు.

ముందు ఆ యూరప్ పల్లె చర్చి సంగతే చూద్దాం. మధ్యయుగపు యూరప్‌లో పల్లె కథోలిక దేవాలయం ఒక్కసారిగా వెలసిన కట్టడం కాదు. తొలుత కొయ్యతో కట్టుకున్న చిన్న మందిరం స్థానంలో పంటలు కలిసివచ్చిన తరం రాతిగోడలు లేపేది, తరువాతి తరం పక్కన నడవా చేర్చేది, ఆపై తరం గంటల గోపురం నిలిపేది. బలిపీఠం తూర్పు కొసన, జనం నిలిచే పొడవాటి శాల దానికి పడమట ఉండేవి. ఇంగ్లండులో పీఠభాగపు మరమ్మతు విచారణ గురువు బాధ్యత, శాల మరమ్మతు ఊరివారి బాధ్యత కావడం వల్ల (విచారణ అంటే ఒక గురువు ఆలనలో ఉండే కథోలిక సంఘం) ఒకే కప్పు కింద రెండు కాలాల, రెండు స్తోమతల పనితనం పక్కపక్కనే కనిపిస్తుంది. గర్భగుడి ఒకరిదీ మండపం మరొకరిదీ అయిన మన పాత ఆలయాలను చూసినవారికి ఇది కొత్తగా తోచదు.

తెలుగు నేల మీద ఇందుకు దగ్గరి ఉదాహరణను వెతికితే చూపు హూడికి ఉత్తరాన ఉన్న చిక్కబళ్లాపురం వైపు, అక్కడి నుంచి పుంగనూరు, అనంతపురం సీమల వైపు మళ్లుతుంది. 18వ శతాబ్ది ఆరంభంలో పుదుచ్చేరి నుంచి బయలుదేరిన ఫ్రెంచి జెసూట్ గురువులు ‘కర్ణాటక మిషన్’ పేరిట ఈ సీమలలో తిరిగారు. వారు కావి కట్టి, మాంసం మాని, సన్యాసుల నియమాలను పాటించి, తెలుగు నేర్చి, తెలుగులోనే బోధించారు. ఆ గురువుల దేవాలయాలు చాలావరకు మట్టిగోడల మీద గడ్డి కప్పిన పాకలే. 1773లో జెసూట్ సభ రద్దు కావడంతో వాటిని కాచే చేతులు కరువయ్యాయి. మట్టి మట్టిలో కలిసింది. నేలతో ఇంతగా కలిసిపోయిన నిర్మాణమే ఆదర్శమన్న వాదానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదనిపిస్తుంది.

అయితే జెసూట్లు వదిలిన పనిని అందుకున్న పారిస్ విదేశీ మిషన్‌కు చెందిన అబ్బే దుబ్వా కథ ఆ వాదాన్ని నిలవనివ్వదు. 1799లో శ్రీరంగపట్టణం పతనమైన తరువాత మైసూరు సీమలో పనిచేసిన ఆయన బెంగళూరు బ్లాక్‌పల్లిలో, అంటే నేటి శివాజీనగర్‌లో, ఒక పాకలో పూజ జరిపి, తరువాత చిన్న గుడి కట్టించారు. సెంజి వైపు నుంచి వచ్చిన తమిళ క్రైస్తవ రైతులు తెల్లబియ్యం పండించినందున ఆ ఊరు ‘బిళి అక్కి పల్లి’ అయిందని ఒక కథనం, కంటోన్మెంటును తీర్చిన బ్లాకిస్టన్ పేరు మీద బ్లాక్‌పల్లి అయిందని మరొక కథనం. ఏది నిజమైనా అది పల్లె గుడిగా మొదలైన దేవాలయమే. క్లైనర్ అనే గురువు దానిని గోథిక్ శైలిలో తిరిగి కట్టించగా 1882 సెప్టెంబర్ 8న, మరియమాత జన్మదినాన, ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 160 అడుగులు.

గోథిక్ శైలికి ప్రాణం మొనదేలిన కమాను. అర్ధవృత్తపు కమాను పైబరువును పక్కలకు బలంగా నెట్టడం వల్ల దానిని మోసే గోడ మందంగా ఉండి తీరాలి. మొన కమాను ఆ బరువులో ఎక్కువ భాగాన్ని నేలవైపు దించుతుంది, మిగిలిన తోపును వెలుపలి ఊతగోడలు ఆపుతాయి, అందువల్ల గోడ పలచబడి రంగుటద్దాల కిటికీకి చోటు దొరుకుతుంది. ఈ పద్ధతి 12వ శతాబ్దిలో పారిస్ పరిసరాలలో కుదురుకుంది. జర్మనీలోని వింప్ఫెన్‌లో 1269 ప్రాంతంలో పాత దేవాలయాన్ని పడగొట్టి కొత్తది కట్టదలచినప్పుడు, పారిస్ నుంచి అప్పుడే వచ్చిన ఒక మేస్త్రీని పిలిపించి ‘ఫ్రెంచి పని’గా కట్టించారని ఆ మఠపు చరిత్రకారుడు మెచ్చుకోలుగా వ్రాశాడు. అంటే మధ్యయుగంలోనే, యూరప్ నడిబొడ్డునే, గోథిక్ పొరుగు దేశపు సొత్తు. అడవి కొయ్యతో కట్టుకున్న మందిరాన్ని విప్పి, దూరాన చూసివచ్చిన రూపాన్ని తమ క్వారీ రాతిలో నిలుపుకోవడమే ఆనాటి ఊళ్ల ఆనవాయితీ అయినప్పుడు, శివాజీనగర్ విచారణ చేసినదీ అదే పని. అది నకలైతే వింప్ఫెన్ కూడా నకలే. మట్టి పాకే స్వచ్ఛమైనదని ఇంతకాలం ఈ శీర్షిక పట్టిన పట్టు సరికాదు. తమ గుడి పాకగానే మిగలాలని ఏ ఊరూ కోరుకోలేదు.

హూడిలో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి ఎం.జి. రోడ్డులో దిగితే శివాజీనగర్ ఆటో దూరమే. సెప్టెంబర్ ఉత్సవాలలో వెళ్తే జెండా ఎక్కించడం, తేరు లాగడం, కావిరంగు చీరల్లో బారులు తీరిన స్త్రీలు కనబడతారు. ఆ మొన కమానుల నీడలో మరియమాత విగ్రహానికి రోజూ చీర కడతారు.