కత్తెర చెప్పని సంగతి

గడ్డపోతారం మందుల కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ చూసే మాలాంటి వాళ్లకు బాక్టీరియా అంటే ఒకటే లెక్క: ఎంత మోతాదుకు చస్తుంది? వరి మొక్క లెక్క వేరు. దానికి ఒంట్లో తిరుగుతూ కాపాడే తెల్ల రక్తకణాలు లేవు. ఏ కణం కాపలా ఆ కణానిదే.

సాంబ మసూరి అన్నం రుచి మరిగిన మనకు ఆ పైరు బాక్టీరియా ఎండు తెగులుకు ఎంత లోకువో తెలియదు, రైతుకు తెలుసు. ఆకు కొన నుంచి అంచుల వెంట అలలుగా పసుపెక్కి ఎండిపోతుంది. 2008లో సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఇచ్చిన మెరుగైన సాంబ మసూరిలో దీనికి అడ్డుగా మూడు జన్యువులున్నాయి.

వాటిలో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరిది. కణం పైపొరలో ఉండి, బాక్టీరియా వదిలే చిన్న ప్రొటీన్ ముక్కను పసిగట్టి లోపలికి కబురు పంపుతుంది. నాకు ఎక్కువ నచ్చేది ఎక్స్‌ఏ13. మామూలు వరిలో బాక్టీరియా తన ప్రొటీన్‌ను కణంలోకి పంపి, చక్కెరను బయటికి తోడే జన్యువు స్విచ్ నొక్కుతుంది. ఎక్స్‌ఏ13లో ఆ స్విచ్ మారిపోయింది, నొక్కినా పడదు. శత్రువును చంపడమేమీ లేదు, తిండి పెట్టకపోవడమే. ఎక్స్‌ఏ5లోనైతే ఒక ప్రొటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా. అదే చాలు, బాక్టీరియాకు పట్టు చిక్కదు.

తెగులును తట్టుకునే మొక్కను ఏరే పరీక్ష చూస్తే ముచ్చటేస్తుంది. కత్తెరను బాక్టీరియా కలిపిన నీళ్లలో ముంచి ఆకు కొనలు కత్తిరిస్తారు. రెండు వారాలకు మచ్చ పొడవు స్కేలుతో కొలుస్తారు. (మా ల్యాబ్‌లో ఇంత చవకైన పరికరం ఒక్కటీ లేదు!) చిక్కేమిటంటే, ఎక్స్‌ఏ21 ఒక్కటున్నా మచ్చ చిన్నదిగానే ఉంటుంది. మిగతా రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే పనిచేసే రకం. అవి దాగి ఉన్నాయో లేవో కత్తెర చెప్పదు. అందుకే సంకరం చేసిన తరాల్లో ఆకుల డీఎన్‌ఏ తీసి, జన్యువుల ఆనవాలు పట్టే మార్కర్లతో వెతికి మొక్కల్ని ఏరారు. సంకరంతో వచ్చిందే కాబట్టి ఇది జీఎం (జన్యుమార్పిడి) పంట కాదు.

ఒక్క జన్యువు చాలదా? బాక్టీరియా తన ప్రొటీన్ ముక్కను కాస్త మార్చుకుంటే ఎక్స్‌ఏ21 కళ్లుగప్పుతుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవుల గురించి వినీ వినీ ఉన్న మాకు ఇదేం కొత్త కాదు. మూడింటినీ ఒకేసారి తప్పించుకోవడం మాత్రం దానికి కష్టం.

అయితే ఈ కాపలా అంతా బాక్టీరియా మీదే. శిలీంధ్రం తెచ్చే అగ్గి తెగులు వస్తే ఈ మూడూ పనికిరావు. దానికి వేరే జన్యువులు ఎక్కించాల్సిందే.