సూదిమొన, శొంఠికొమ్ము

జలుబు చేస్తే శొంఠి, మిరియాలు దంచి కషాయం కాచుకోవడం, కడుపు ఉబ్బరిస్తే నాలుగు వాము గింజలు నమిలి వేడినీళ్లు తాగడం మన ఇళ్లలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పని విద్యలు. వాటి వెనక ఆయుర్వేదం ఉందని వేరే చెప్పనక్కర్లేదు. నడుంనొప్పికి ఒంట్లో సూదులు గుచ్చే చైనా వైద్యం మాత్రం మనకు ఇంకా కొత్త చుట్టమే. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్తదాని సంగతి తెలియడమే కాదు, పాతదాని బలమూ బలహీనతా కూడా తేటపడతాయి.

చరకసంహితలో ఆత్రేయుడు చెబుతుంటే అగ్నివేశాది శిష్యులు వింటారు. అలాగే చైనావారి మూలగ్రంథం హువాంగ్‌ది నేజింగ్‌లో పసుపు చక్రవర్తి అడుగుతుంటే చీబో జవాబులు చెబుతాడు. రెండూ సుమారు రెండువేల ఏళ్ల నాటి సంభాషణలు. రోగాన్ని ప్రధానంగా ఋతువులో, తిండిలో, నిద్రలో వచ్చిన తేడాగా చూడటం రెంటికీ ఉమ్మడి గుణం. అయితే ఆ తేడాను ఎక్కడ పట్టుకోవాలన్న దగ్గర దారులు చీలాయి. మనవాళ్లు జఠరాగ్ని మీద దృష్టి పెట్టారు. తిన్నది సరిగా అరగకపోతే ఆమం పుడుతుందనీ, అదే సకల రోగాలకూ దారి తీస్తుందనీ అన్నారు. లంఖణం పరమౌషధమన్న మాటకు ఆధారం ఇదే. చైనావాళ్లు ప్రవాహం మీద దృష్టి పెట్టారు. చీ అనే ప్రాణశక్తి 12 ప్రధాన మార్గాల్లో అడ్డు లేకుండా సాగాలనీ, అడ్డు పడిన చోట నొప్పి పుడుతుందనీ అన్నారు. ఆ అడ్డు తొలగించడానికే సూది.

ఒంటి మీద గుర్తుల లెక్క ఇద్దరికీ ఉంది. ఆక్యుపంక్చర్ ప్రామాణిక పట్టికలో 361 బిందువులుంటే, సుశ్రుతుడు చెప్పిన మర్మాలు 107. ఈ రెండూ ఒకటేనన్న ప్రచారం తరచు వినిపిస్తుంది కానీ అది ఎవరికీ న్యాయం చెయ్యదు. చైనా వైద్యుడికి అవి సూది దించాల్సిన చోట్లు. శస్త్రవైద్యుడైన సుశ్రుతుడికి అవి కత్తి పడకుండా కాపాడాల్సిన చోట్లు. కొన్ని మర్మాలకు దెబ్బ తగిలితే ప్రాణమే పోతుందని ఆయన హెచ్చరిక.

తేడా ఇంత ఉన్నా, వికారం దగ్గర ఈ రెండు వైద్యాలూ ఎదురెదురుగా నిలబడి పలకరించుకుంటాయి. మణికట్టు లోపలి వైపు ముడత నుంచి మూడు వేళ్ల వెడల్పు పైకి వెళితే, రెండు నరాల్లా చేతికి తగిలే కండర బంధాల మధ్య నేగ్వాన్ అనే బిందువు ఉంది. పావు మిల్లీమీటరు మందం సూది అక్కడ దిగితే చురుక్కుమనడం కంటే బరువుగా, తిమ్మిరిగా లాగినట్టు ఉంటుంది. ఆ అనుభూతి కలగకపోతే వైద్యుడు సూదిని వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతాడు. ఆపరేషన్ తర్వాతి వికారాన్ని ఈ బిందువు తగ్గిస్తుందని చాలా పరీక్షల్లో కనబడింది. అలాగే వేవిళ్ల వికారానికి అల్లం ఉపశమనమిస్తుందనీ పరీక్షలు చెబుతున్నాయి.

చైనా వైద్యమంటే సూదులొక్కటే కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ జ్వరాల మీద రాసిన గ్రంథం నిండా కషాయాలే. దాల్చిన కొమ్మలు, అల్లం, అతిమధురం, రేగుపళ్లు, పియోనీ వేరు కాచి తాగించమంటాడు. ఆ వెంటనే వేడివేడి పలచని గంజి పట్టించి, దుప్పటి కప్పమంటాడు. ఒళ్లు సన్నగా చెమర్చాలే తప్ప చెమట ధారలు కట్టకూడదట. చల్లనివి, మాంసం, మద్యం ముట్టకూడదు. జ్వరానికి గంజి, పథ్యం పెట్టే మన పెద్దవాళ్లకు ఇందులో పరాయిది ఏదీ కనబడదు. వినాయకచవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతి ఆకునే అక్కడ ఎండబెట్టి, నలిపి, బిందువు దగ్గర కాల్చి వేడి తగిలిస్తారు. ఆ జాతిలోదే మరో మొక్క నుంచి 1970లలో చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం మలేరియా మందు ఆర్టెమిసినిన్ తీసింది. ఆకును మరిగించకుండా నీళ్లలో నానబెట్టి పిండుకోమన్న 4వ శతాబ్దపు సూచన ఆమెకు తోవ చూపింది. 2015లో నోబెల్ వచ్చింది. అదేవిధంగా మన సర్పగంధ వేరు నుంచి 1952లో రక్తపోటు మందు రిసర్పిన్ బయటపడింది. పాత గ్రంథానికి నిజమైన గౌరవం పూజ కాదు, ఇలాంటి పరీక్షే.

పరీక్ష కొన్నిసార్లు సిద్ధాంతాన్ని నొప్పిస్తుంది కూడా. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి రోగుల మీద జరిపి 2007లో ప్రకటించిన అధ్యయనంలో, బిందువుల్లో సూదులు వేసినవారిలో సుమారు 48 శాతం మెరుగుపడ్డారు. బిందువులు కాని చోట పైపైన గుచ్చినవారిలో 44 శాతం, మామూలు చికిత్స తీసుకున్నవారిలో 27 శాతం మెరుగుపడ్డారు. సూది మేలు చేసింది. కాని ఫలానా చోటే గుచ్చాలన్న నియమం అక్కడ గట్టిగా నిలవలేదు. మన వైపూ ఇలాంటి చేదు నిజం ఉంది. బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో 14 మందుల్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉన్నట్టు 2004లో తేలింది. అటు బెల్జియంలో సన్నబడటానికి వాడిన చైనా మూలికల్లో అరిస్టోలోకియా అనే విషపు మొక్క కలిసి ఎందరివో మూత్రపిండాలు చెడ్డాయి. అనుభవం లేని చేతిలో ఛాతీ మీది సూది ఊపిరితిత్తికి చిల్లు పెట్టగలదు.

అందుచేత నా తీర్పు ఇది. సూదికి చెయ్యి ముఖ్యం, కషాయానికి కొలత ముఖ్యం. సూది వేయించుకునేవారు వైద్యుడి శిక్షణ గురించి అడగండి, ప్రతిసారీ కొత్త సూది మీ కళ్లెదుటే విప్పమనండి. కషాయం తాగేవారు దాన్ని వంటింటి మోతాదు దాటనివ్వకండి, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందు డాక్టరుకు చెప్పండి. చిన్నపాటి నలతలకు ఈ రెండూ మంచి తోడు. గుండెనొప్పికీ, తగ్గని జ్వరానికీ మాత్రం ఏ సంప్రదాయం మీదా అభిమానం పెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.