రంపం ఎక్కడ ఆగాలి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, డెన్వర్ పాత పేటల్లో వీధి మీదికి వాలిన ఎల్మ్‌లు, మేపుల్‌లు, యాష్‌లు చూస్తే అవి ఊరికంటే ముందునుంచీ అక్కడే ఉన్నాయనిపిస్తుంది. నిజానికి అవన్నీ ఎవరో ఒకరు నాటినవే. రాకీ పర్వతాలకు తూర్పున, సముద్రమట్టానికి 1609 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నేల ఒకప్పుడు వట్టి గడ్డి మైదానం. ఏటి ఒడ్డున కాటన్‌వుడ్ చెట్లు తప్ప నిలబడడానికి నీడ ఉండేది కాదు. 1867లో సిటీ డిచ్ అనే కాలువ తవ్వి ప్లాట్ నది నీళ్లు తెచ్చుకున్నాకే వీధుల్లో మొక్కలు బతికి బట్టకట్టాయి. అక్కడ ఏడాదికి పడే వానా మంచూ కలిపినా సుమారు 36 సెంటీమీటర్లే, మన అనంతపురం వర్షపాతం కంటే తక్కువ. అలాంటి చోట తడి నేలల నుంచి వచ్చిన చెట్టు ముదిరి మానైందంటే దాని వెనక మనిషి చెయ్యి ఉన్నట్టే.

చెట్లను అలా సాకే పని చేసేవాళ్లను అక్కడ ఆర్బరిస్టులంటారు. కరెంటు తీగకు అడ్డొచ్చిన కొమ్మను నాలుగు కత్తిదెబ్బలతో పడగొట్టడం చూసి పెరిగిన మనకు వీళ్ల తీరు మొదట విసుగు పుట్టిస్తుంది. వచ్చీ రాగానే రంపం బయటికి తీయరు. చెట్టు చుట్టూ తిరుగుతారు. మాను మొదట్లో విచ్చుకుని వేళ్లలోకి దిగే చోటు కనిపిస్తోందా, మట్టి పోసి పూడ్చేశారా చూస్తారు. సుత్తితో మాను మీద తట్టి, మోతను బట్టి లోపల గుల్లబారిందేమో పసిగడతారు. తర్వాత చాలాసేపు తల పైకెత్తి ఉండిపోతారు.

ఎక్కడం కూడా చూసి తీరాల్సిందే. బరువు కట్టిన సన్నటి తాడును పైనున్న పంగలోంచి విసిరి, దాని వెంట లావు తాడు లాగి, నడుముకు పట్టీలు బిగించుకుని ఆ తాడు మీదే పైకి పోతారు. బూట్లకు ఇనుప మేకులు తొడుక్కుంటే ఇంతకంటే సులువుగా ఎక్కొచ్చు. కానీ మేకు దిగిన ప్రతిచోటా బెరడు తూటు పడుతుంది కాబట్టి కొట్టేయబోయే చెట్టుకే అవి వాడతారు. బతకాల్సిన చెట్టు దగ్గరికి మేకుల బూట్లతో వచ్చినవాణ్ణి గేటు దగ్గరనుంచే పంపించేయొచ్చు.

ఇక కోత. పెద్ద కొమ్మను ఒక్క వేటుకు కోయరు, మూడు కోతల్లో దించుతారు. మొదటిది మానుకు అడుగు దూరంలో, కొమ్మ కిందివైపు నుంచి కొంతలోతు. రెండోది అక్కణ్ణించి ఇంకాస్త బయటగా, పైనుంచి. కొమ్మ తన బరువుకు తానే విరిగి పడుతుంది. చీలిక మొదటి కోత దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ కింది కోత పెట్టకపోతే పడే కొమ్మ మాను బెరడును కూడా జానెడు పొడవున ఒలుచుకుని పోతుంది. ఇప్పుడు మిగిలింది బరువు లేని మొండి. అసలు పనితనం దీని దగ్గరే తెలుస్తుంది.

కొమ్మ మానును కలిసేచోట, అడుగువైపు చిన్న ఉబ్బు ఉంటుంది. దాన్ని కాలర్ అంటారు. పైవైపు పంగలో బెరడు ముడతపడి, గరుకుగా ఒక గీతలా దిగుతుంది. రంపం ఆ గీతకు బయట మొదలై కాలర్‌కు బయట ముగియాలి. కొన్ని చెట్లకు కాలర్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కొన్నింటికి తడిమితే గానీ దొరకదు. అందుకే చేతి తొడుగు తీసి బొటనవేలితో ఒకసారి రాసి చూసుకుని, ఆ తర్వాతే చేతిరంపం ఆనిస్తారు. కాస్త లోపలికి పోతే తెగేది కొమ్మ కాదు, మాను. మరీ బయట ఆగితే మిగిలిన మొండి ఎండి కుళ్లుకు దారి చూపుతుంది. సరిగ్గా పడిన కోత చుట్టూ కొత్త చెక్క అన్ని వైపులా సమంగా, ఉంగరంలా పెరుగుతూ వస్తుంది. లోపలికి కోసిన చోట పక్కల మాత్రమే పెరిగి, పైనా కిందా బోసిగా మిగులుతుంది. పాత గాయాల ఆకారం చూసి, అంతకుముందు వచ్చినవాడికి పని వచ్చో రాదో చెప్పేయొచ్చు.

ఈ కాలర్ సంగతి లోకానికి నచ్చజెప్పింది అలెక్స్ షైగో. 1930లో పుట్టి 2006లో కన్నుమూసిన ఆయన అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త. అంతకుముందు మానుకు సమంగా నున్నగా కోసి, గాయానికి రంగు పూయడమే మంచి పనిగా చెలామణీ అయ్యేది. షైగో వేల మానులను మోటారు రంపంతో నిలువునా చీల్చి కుళ్లు ఏ దారిన పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూశారు. చెట్టు చెడిన కణాలను బాగుచేసుకోదు, వాటి చుట్టూ గోడలు కట్టి వెలివేస్తుందని 1977లో ప్రచురించిన చిన్న పుస్తకంలో చూపించారు. నాలుగు గోడల్లో గట్టిది చివరిది, గాయం తగిలాక కొత్తగా పెరిగే చెక్కకూ పాత చెక్కకూ మధ్య లేచేది. కాలర్‌ను కోసేయడమంటే ఆ గోడలు లేచే తావునే చెరపడం. రంగు పూసినంత మాత్రాన కుళ్లు ఆగదనీ ఆయనే తేల్చారు.

కొలరాడోలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. అక్కడ పెరిగే కాలం తక్కువ, తడి తక్కువ, ఏటా చేరే వలయం సన్నం. పెద్ద గాయం మూసుకోవడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ముదురు చెట్టు మీద పచ్చి ఆకును తగ్గించడమంటే గోడ కట్టే కూలీకి కూడు తగ్గించడమే. అందుకని ఎండు కొమ్మల్ని తీసి, పచ్చివాటి జోలికి వీలైనంత తక్కువగా పోతారు. అలాగని అసలు పోకుండానూ కుదరదు. అక్టోబరులో ఆకు రాలకముందు, మేలో చిగురు విప్పాక కూడా తడిమంచు పడే ఊరది. ఆకుల మీద మంచు పేరుకుంటే పొడవాటి కొమ్మలు ఫెళ్లున విరుగుతాయి. అలాంటి కొమ్మను చివర్ల నుంచి కుదిస్తారు, అదీ అడ్డదిడ్డంగా కాదు. కోసేదాని లావులో కనీసం మూడో వంతు ఉన్న పక్కకొమ్మను ఎంచుకుని అక్కడ కోస్తే, బాధ్యత ఆ పక్కకొమ్మ తీసుకుంటుంది. పని బాగా చేస్తే కోసినట్టే తెలియదు. చాలామంది ఇళ్లవాళ్లకు నచ్చేది దీనికి పూర్తిగా తిరగబడ్డ పని. లోపలి రెమ్మలన్నీ దులిపేసి చివర కుచ్చులు మిగిల్చితే చెట్టు శుభ్రంగా కనిపిస్తుంది, బరువంతా కొసకు చేరి మొదటి మంచుకే విరుగుతుంది.

డెన్వర్ శివార్లలో, అరోరాలోనో హైలాండ్స్ రాంచ్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లకు వింతగా తోచేది శీతాకాలపు నీళ్లు. గొట్టాలు గడ్డకట్టి పగులుతాయని తుంపర సేద్యం లైన్లలో నీళ్లన్నీ అక్టోబరుకే ఊదేస్తారు. తర్వాత వసంతం దాకా, మంచు పడని నెలల్లో, వేళ్లు ఎండిన మట్టిలో ఉంటాయి. ఆకు లేదు కదా, దాహం ఎక్కడిదనుకుంటాం. వేళ్లకు తడి కావాలి, స్ప్రూస్ లాంటి సూదాకుల చెట్లు చలికాలంలోనూ గాలికి తడి పోగొట్టుకుంటూనే ఉంటాయి. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు చెప్పే లెక్క ఇదీ: అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకు ఒకటి రెండుసార్లు, నేల మీద మంచు లేనప్పుడు, 4 డిగ్రీలు దాటిన పగటిపూట, మాను వ్యాసంలో అంగుళానికి 10 గ్యాలన్లు. 20 అంగుళాల మానుకు దాదాపు 750 లీటర్లన్నమాట. అదీ మాను మొదట్లో గుమ్మరించడం కాదు, కొమ్మల కొసల కిందా ఇంకా బయటా, పీల్చే వేళ్లున్న పైపొర తడిసేలా నెమ్మదిగా. చెయ్యనివాళ్లకు ఆ సంగతి వెంటనే తెలియదు. వచ్చే వేసవిలో పైకొమ్మలు ఎండడం మొదలయ్యాక తెలుస్తుంది.

2013లో బోల్డర్‌లో ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చ పెంకుపురుగు బయటపడ్డాక ఈ నేర్పుకు మరో పరీక్ష ఎదురైంది. పిల్లపురుగులు బెరడు కింద మెలికలు తిరుగుతూ తొలిచి, నీళ్ల దారులు తెంపేసి కొన్నేళ్లలో యాష్ చెట్టును చంపుతాయి. నమ్మదగిన దారి మందును మానులోకే ఎక్కించడం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోరిపైరిఫాస్ ఎక్కించడం మనకు గుర్తే. యాష్‌కైతే మాను అడుగున చిన్న రంధ్రాలు వేసి, ఒత్తిడితో ఎమామెక్టిన్ పంపుతారు. మందు పైకి పోయేది చెట్టు నీరు లాగే వేగంతోనే. కాబట్టి పొడి నేల ఉంటే ముందు తడిపి, ఆకు చురుగ్గా పనిచేసే వేళ చూసి పెడతారు. లోతుగా తొలిచినా లాభం లేదు, యాష్ నీరు లాగేది ఎక్కువగా బెరడు కిందున్న కొత్త వలయాల్లోంచే. రెండు మూడేళ్లకోసారి మళ్లీ చేయాలి.

పైభాగం మూడో వంతు దాటి ఎండిపోయాక పిలిస్తే మాత్రం మంచి ఆర్బరిస్టు మందుకు డబ్బు పుచ్చుకోడు, కొట్టించేయమంటాడు. ఈ పురుగు చంపిన యాష్ కొయ్య త్వరగా పెళుసెక్కుతుంది, దాని మీదికి మనిషిని ఎక్కించడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ఇంకో ఏడాది చూద్దామని నాన్చితే క్రేను రప్పించాల్సి వస్తుంది, ఆ బిల్లు కట్టేది ఇంటివాళ్లే.