మొదటి మూడు నిమిషాలు

పదిహేనేళ్లు డిగ్రీ పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పాక, నేనే మళ్లీ విద్యార్థినై హైదరాబాద్‌లో ఒక ఏడాది ఫిల్మ్ డిప్లొమాలో చేరాను. మొదటి టర్మ్‌లో మాకిచ్చిన పని ఒక హారర్ సినిమాకి 3 నిమిషాల ప్రారంభం తీయడం. ప్రారంభం మాత్రమే. ఆ తర్వాతి కథని ఎవరూ తీయరు, అసలు రాయనక్కర్లేదు కూడా. ఇలాంటి అభ్యాసం సినిమా విద్యార్థులకి చాలాచోట్ల ఇస్తుంటారు. ఒక ఇల్లు, ఒక రాత్రి, ఒకరిద్దరు నటులు ఉంటే చాలు, ఖర్చు తక్కువ. మా సినిమా ఎంత బాగా వచ్చిందో చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. తర్వాతి కథ లేకుండా ప్రారంభం మాత్రమే తీయాలన్న ఆ షరతు, హారర్ సినిమాలో స్త్రీ స్థానం గురించి నేను పుస్తకాల్లో చదివిన దానికంటే ఎక్కువే చూపించింది.

మా గ్రూపులో ఐదుగురం. ఇద్దరబ్బాయిలు, ముగ్గురం ఆడవాళ్లం. నేను తప్ప అందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వాళ్లు. నన్ను 'అక్కా' అనేవాళ్లు, కోపమొస్తే మాత్రం 'మేడమ్' అనేవాళ్లు.

మొదటి స్క్రిప్టు ఒక్క రాత్రిలో తయారైంది. ఒంటరిగా ఉన్న అమ్మాయి. బయట వాన. ఆమె తల ఆరబెట్టుకుంటుంది, బట్టలు మార్చుకుంటుంది, అద్దంలో చూసుకుంటుంది. ఇదంతా కిటికీ గ్రిల్ అవతల నుంచి మనకి కనిపిస్తుంటుంది. కెమెరా కొంచెం ఊగుతుంది, ఊపిరి వినిపిస్తుంది. కరెంటు పోతుంది. ఒక కేక. తెర మీద సినిమా పేరు. రాసినబ్బాయి చెడ్డవాడేం కాదు, మా అందరికంటే ఎక్కువ సినిమాలు చూసినవాడు. "హారర్ ఓపెనింగ్ అంటే ఇదే కదక్కా" అన్నాడు. అతనన్నదాంట్లో అబద్ధం లేదు.

1975లో వచ్చిన 'జాస్' వెన్నెల్లో ఈదుతున్న అమ్మాయితో మొదలవుతుంది. నీళ్ల అడుగునుంచి ఆమె శరీరాన్ని చూసే చూపు సొరచేపది, మనదీ. 1978 నాటి 'హాలోవీన్' ఇంకా స్పష్టం. ఇంటి బయట నుంచి కిటికీలోకి చూసి, వెనక తలుపు గుండా వంటగదిలోకి వెళ్లి, కత్తి తీసుకుని, మెట్లెక్కి అక్కని పొడిచేదాకా మనం హంతకుడి కళ్లతోనే నడుస్తాం. మధ్యలో ముసుగు తొడుక్కుంటే ఆ రెండు కన్నాల్లోంచే చూస్తాం. ముసుగు తీశాక తెలుస్తుంది, వాడు ఆరేళ్ల పిల్లాడని. ఆ సినిమాకి సహరచయిత్రి, నిర్మాత డెబ్రా హిల్ అనే స్త్రీ. ఆ సన్నివేశంలో కనిపించే పిల్లాడి చేతులు కూడా ఆమెవేనని చెబుతారు. స్త్రీ నిర్మాత అయినంత మాత్రాన చూపు మారిపోదు అనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. 1996లో 'స్క్రీమ్' ఈ సంప్రదాయాన్ని వెక్కిరిస్తూనే, పేరున్న నటి డ్రూ బారీమోర్‌ని మొదటి సన్నివేశంలోనే చంపేసింది.

చూసేవాడు మగవాడు, చూడబడేది స్త్రీ అన్న హాలీవుడ్ సూత్రాన్ని లారా మల్వీ 1975లోనే విప్పి చెప్పింది. హారర్ విషయంలో మాత్రం కథ అంత సులువు కాదంది కేరల్ క్లోవర్, 1992లో వచ్చిన పుస్తకంలో. ఈ సినిమాల్లో చివరిదాకా బతికి, హంతకుడిని ఎదుర్కొనేది ఒక అమ్మాయి. క్లోవర్ ఆమెకి 'ఫైనల్ గర్ల్' అని పేరు పెట్టింది. కుర్ర ప్రేక్షకులు కూడా చివరికి ఆ అమ్మాయి పక్షానే నిలబడి భయపడతారు, గెలుస్తారు. నేను క్లాసులో ఈ వాదనని ఇష్టంగా చెప్పేదాన్ని.

కానీ ఈ వాదన నిలబడాలంటే చివర అనేది ఒకటి ఉండాలి కదా! మొదట్లో పోయే అమ్మాయి ప్రాణం ఒక అప్పు లాంటిది. తొంభై నిమిషాల తర్వాత ఇంకో అమ్మాయి గెలుపుతో తీరుస్తామన్న హామీ మీద దర్శకుడు దాన్ని తీసుకుంటాడు. మాకిచ్చిన పనిలో అప్పు మాత్రమే ఉంది, తీర్చే రోజు లేదు. ఎదుర్కొనే అమ్మాయి రాదు, కారణం తెలియదు, శిక్ష ఉండదు. కథ అనే సాకు తీసేస్తే తెర మీద మిగిలేది బట్టలు మార్చుకుంటున్న అమ్మాయి, ఆమెను చాటుగా చూస్తున్న మనం, ఒక కేక.

రిహార్సల్లో ఈ సంగతి మాకంటే ముందు పట్టుకుంది నటించడానికొచ్చిన జూనియర్ అమ్మాయి. "కిటికీ అవతల ఎవరున్నారు?" అని అడిగింది. తెలిస్తే కదా భయపడటానికి! ఎవరూ లేరు, కెమెరానే అన్నాడు స్క్రిప్టు రాసినబ్బాయి. "మరి ఊపిరి ఎవరిది?" అంది. అతను కాసేపు ఆలోచించి, అది తర్వాత తేలుతుందన్నాడు. తర్వాత లేదు కదా అని ఐదుగురికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. వెనక గోడ దగ్గర నిలబడే వాళ్ల గురించి వార్డెన్‌కి ఆ ఏడాది అమ్మాయిలు రెండుసార్లు కాగితం రాసి ఇచ్చారు. అందుకే ఆమె ప్రశ్న నటనకి సంబంధించింది మాత్రమే కాదు.

సరే, తెలుగు సినిమా పద్ధతిలో వెళదామన్నారు. మన దెయ్యం కథల్లో స్త్రీ చనిపోవడంతో పని అయిపోదు, తిరిగొస్తుంది. 2005 నాటి 'చంద్రముఖి'లో చంపబడ్డ నాట్యకత్తె కోపం గంగ ఒంట్లో పలుకుతుంది. అయితే ఆ కోపానికి రోగమని పేరు పెట్టి కుదిర్చే డాక్టరు మగవాడే. మలయాళం మూలం 'మణిచిత్రతాళు' (1993)లోనూ అంతే. 2009లో వచ్చిన 'అరుంధతి'లో జేజమ్మ తన ఎముకలు ఆయుధం కావడానికి ప్రాణమిచ్చి, మళ్లీ పుట్టి శత్రువుని గెలవాలి. హాల్లో ఆడవాళ్లు కొట్టిన చప్పట్లు నాకింకా గుర్తున్నాయి, నేనూ కొట్టాను. కానీ ఈ రెంటిలోనూ స్త్రీకి శక్తి రావడానికి మరణం ఒక అర్హత. బతికుండగా కోపం తెచ్చుకున్న స్త్రీకి మన హారర్‌లో పాత్ర తక్కువ. 2022లో వచ్చిన 'మసూద' నాకు కొంత ఊరటనిచ్చింది. భర్త నుంచి విడిగా ఉంటూ కూతుర్ని పెంచుకునే ఒక టీచరు బతుకు అందులో మధ్యలో నిలబడింది. దెయ్యం విషయంలో మాత్రం అదీ పాత దారే.

రెండో స్క్రిప్టులో అందుకని అమ్మాయిని చంపలేదు. ఊరి చివర జుట్టు విరబోసుకుని తిరిగే ముసలామెను పెట్టారు. ఆమె చేతిలో నిమ్మకాయలు, కుంకుమ. ఆమెను చూడగానే భయం పుడుతుంది, వివరించే పని లేదు. మా గ్రూపులో మెదక్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. తక్కువ మాట్లాడేది. ఆ రోజు మాత్రం, "ఈ షాట్ నేను తియ్యను, మీరెవరైనా తీస్తే నా పేరు తీసెయ్యండి" అంది. వాళ్ల వాడలో ఒక ఒంటరి ముసలామెను చేతబడి చేస్తోందని కట్టేసి కొట్టారట. తన చిన్నప్పుడు కళ్లారా చూసింది. బాణామతి, చేతబడి పేరుతో తెలంగాణ పల్లెల్లో మనుషుల్ని కొట్టడం, పళ్లూడగొట్టడం, చంపడం మనకి వార్తల్లో కొత్త కాదు. భర్త పోయినవాళ్లు, భూమి తగాదాలున్నవాళ్లు, కింది కులాలవాళ్లు ఇందులో తేలిగ్గా దొరికిపోతారు. జుట్టు విరబోసుకున్న ముసలామెను చూడగానే భయం పుడుతుంది, నిజమే. ఆ పుట్టే భయమే ఆమెను స్తంభానికి కట్టేస్తుంది. ఇది విన్నాక ఆ స్క్రిప్టు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఒక వారం ఏమీ తేలలేదు. ఆ వారంలోనే జెనిఫర్ కెంట్ తీసిన 'ది బాబడూక్' (2014) ప్రారంభాన్ని మళ్లీ మళ్లీ చూశాం. కారు ప్రమాదం. ఆమె కల కంటోంది. గాజు పెంకులు గాల్లో నెమ్మదిగా ఎగురుతుంటే కెమెరా ఆమె ముఖాన్ని వదలదు. దూరంగా కొడుకు పిలుస్తుంటాడు. ఆమెను చాటునుంచి చూసేవాడెవడూ లేడు. మనం ఆమె భయాన్ని చూడం, అందులో ఉంటాం. ఇలా తీయొచ్చు, ఇదీ హారరే అన్న ధైర్యం దాన్నుంచి దొరికింది.

విషయం మాత్రం మన గోడల మీదే దొరికింది. 'ఓ స్త్రీ రేపు రా' అని ఇళ్ల తలుపుల మీద సుద్దతోనో బొగ్గుతోనో రాసిన రోజులు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి జ్ఞాపకం ఉంటాయి. రాత్రిపూట ఒక ఆడదెయ్యం తలుపు కొడుతుంది, ఆ రాత చదివి వెళ్లిపోతుంది, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుతుంది. చదవగలిగి, చెప్పిన మాట వినే దెయ్యం! 2018లో హిందీ సినిమా 'స్త్రీ' ఈ సంగతి మీదే బాగా నవ్వించింది. నన్ను పట్టుకున్నది వేరే. ఆ రాతలో పేరు లేదు, దెయ్యం అన్న మాటా లేదు. స్త్రీ అని మాత్రమే ఉంది. ఆ తలుపు లోపల ఉన్నవాళ్లలోనూ సగం మంది స్త్రీలే కదా, ఆ రాతని రోజూ దాటి నీళ్లకి, బడికి వెళ్లినవాళ్లు. వాళ్లు దాన్ని ఎలా చదువుకున్నారో ఎవరూ రాయలేదు.

మేం తీసింది ఇది. సికింద్రాబాద్‌లో అద్దెకు దొరికిన ఒక పాత ఇల్లు. అమ్మాయి చీకటి పడ్డాక ఇంటికొస్తుంది. కెమెరా ఆమె భుజం ఎత్తులోనే ఉంటుంది, ఎప్పుడూ ఆమెకంటే ముందు వెళ్లదు, ఆమె చూడనిది మనకి చూపించదు. ఆమె కిటికీ రెక్కలు మూస్తుంది. దండెం మీది లోదుస్తులు లోపలికి తెస్తుంది. బాత్రూం కిటికీకి పాత చున్నీ కడుతుంది. గ్యాస్ కట్టేస్తుంది. అమ్మకి ఫోన్ చేసి చేరానని చెబుతుంది, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టు 'వదిన వంట చేస్తోంది' అని గట్టిగా అంటుంది. తర్వాత వీధి తలుపు గడియ వేసి, సరిగా పడిందో లేదోనని తీసి మళ్లీ వేస్తుంది. వెనక్కి తిరగబోతూ ఆగిపోతుంది. 'ఓ స్త్రీ రేపు రా' అన్న రాత తలుపుకి లోపలివైపు ఉంది.

అంతే. రక్తం లేదు. వదిన అబద్ధం నటించిన అమ్మాయి సొంతం, స్క్రిప్టులో లేదు. భయమంతా శబ్దంలో పెట్టాల్సి వచ్చింది. ఫ్యాను చప్పుడు, పక్కింటి టీవీ సీరియల్, ట్యాంకు నిండి కారే నీళ్లు విడివిడిగా రికార్డు చేశాం. ఆ ఇంటి ఇనుప గడియ కాస్త పైకెత్తి తోస్తేనే పడుతుంది. ఆ చప్పుడు కోసం ఒక మధ్యాహ్నమంతా పోయింది. ఇంటి వెనక వాటాలో ఉండే పెద్దావిడ వచ్చి చూసి, "గడియ వేసుకోవడం కూడా సినిమానా తల్లీ?" అని అడిగింది. మా విమర్శకులెవరూ అంత సూటిగా అడగలేదు.

ప్రదర్శన రోజు స్పందన మగవాళ్లు, ఆడవాళ్లు అని చక్కగా రెండుగా చీలి ఉంటే రాయడానికి సుఖంగా ఉండేది. అలా జరగలేదు. ఒక మహిళా అధ్యాపకురాలు విసుగ్గా ఉందన్నారు. వెనక బెంచీలో ఉన్న ఒక అబ్బాయి, గడియ రెండోసారి వేసినప్పుడు వాళ్లక్క గుర్తొచ్చిందని చెప్పి ఇంకేం చెప్పలేకపోయాడు. మార్కులిచ్చిన వ్యక్తి "భయం ఎక్కడుంది? ఇది డాక్యుమెంటరీ" అన్నారు. ఆ మాటని నేను చాలా రోజులు మోశాను, బాధతో కాదు. రోజూ రాత్రి కోట్లమంది చేసే పనిని ఉన్నదున్నట్టు చూపిస్తే అది హారర్ కాకుండా డాక్యుమెంటరీ ఎందుకవుతుంది? బహుశా ఆ ప్రక్రియకి ఒక వేటగాడు కావాలి. వేటగాడు కనిపించకపోతే ఆ స్త్రీ భయం దినచర్యలో భాగమైపోతుంది, దినచర్యకి మార్కులుండవు.

ఇంతకంటే గట్టి విమర్శ మా గ్రూపు లోపలి నుంచే వచ్చింది. మెదక్ అమ్మాయి ఎడిటింగ్‌లో ఫైనల్ కాపీ చూసి, "బానే ఉంది కానీ అక్కా, ఇది తలుపున్నవాళ్ల సినిమా" అంది. వాళ్ల నాయనమ్మ ఇంటికి చాలా ఏళ్లు తడికే ఉండేదట. తడిక మీద రాత నిలవదు, తడికకి గడియ ఉండదు. మేం చూపించిన భయానికి కనీసం ఒక గది, ఒక తాళం, ఫోన్‌లో పలికే అమ్మ కావాలి. స్త్రీల భయం అని మనం ఏకవచనంలో రాసేస్తుంటాం. దాన్ని ఎవరి ఇంట్లో నిలబడి తీస్తున్నామో కెమెరా దాచిపెట్టలేదు.

చివరి షాట్ మీద తగాదా అలాగే ఉండిపోయింది. తెర నల్లబడ్డాక బయటినుంచి తలుపు తట్టిన చప్పుడు ఒక్కటి పెడదామని మొదటి స్క్రిప్టు రాసినబ్బాయి పట్టుబట్టాడు. ఓటేస్తే నలుగురం వద్దన్నాం. అతను తన కాపీలో పెట్టుకున్నాడు, అది చూసినవాళ్లు ఉలిక్కిపడ్డారని గర్వంగా చెప్పాడు. నటించిన అమ్మాయి రెండు కాపీలూ చూసి, చప్పుడున్నదే తేలిగ్గా ఉందంది, ఎవరో వచ్చారని తెలుస్తుంది కాబట్టి. మెదక్ అమ్మాయి రెండో టర్మ్ కోసం తడిక ఇంటి కథ రాస్తోంది. అందులో మొదటి 3 నిమిషాలు పగటిపూట జరుగుతాయి, ముసలామె మాట్లాడుతుంది. ఏం మాట్లాడాలన్నది ఇంకా తేలలేదు. తను మొన్న సెలవులకి వాడకి వెళ్లి, ఆ ముసలామె కూతుర్ని కలిసి వచ్చింది.