యంత్ర సంరక్షణ, ఇంధన గణనము: నూతన సాధనముల గుణదోష విచారణ

ఖమ్మము నుండి భద్రాచలము పోవు మార్గమున కొత్తగూడెము దాటినది మొదలు అడవి అంచు కానవచ్చును. తెలుగునాటి భారీ పరిశ్రమలలో కొన్ని ఈ అంచుననే నెలకొని యున్నవి. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. నేడు సింగరేణి సంస్థకు కొత్తగూడెము కేంద్రము. మణుగూరున ఉపరితల గనులు, పాల్వంచలో థర్మల్ విద్యుత్కేంద్రము, సారపాకలో 1979లో ఉత్పత్తి ప్రారంభించిన కాగితపు పరిశ్రమ, అశ్వాపురము చెంత భారజల కర్మాగారము కలవు. వీనికి తోడు అడవి గ్రామములను పట్టణములతో కలుపు ఆర్.టి.సి. బస్సులు ఉండనే ఉన్నవి.

ఇన్ని యంత్రములున్న చోట రెండు ప్రశ్నలు నిత్యము ఎదురగుచుండును. ఏ యంత్రమును ఎప్పుడు ఆపి బాగుచేయవలెను? ఏ వాహనము ఎంత ఇంధనము త్రాగుచున్నది? ఈ రెంటికిని సమాధానము చెప్పుదుమని అనేక సాధనములు, గణక పద్ధతులు విపణిలోనికి వచ్చినవి. యంత్రము చెడక మునుపే తెలియజేయుదుమని కొన్ని, డీజిల్ దొంగతనమును పట్టి యిత్తుమని కొన్ని ప్రకటించుకొనుచున్నవి. వీనిలో మెచ్చదగిన దేది, సందేహింపదగిన దేది అన్నదే ఇచట విచారింపదగిన విషయము.

మరమ్మతు ఎప్పుడు?

యంత్ర సంరక్షణకు మూడు మార్గములు కలవు. చెడిన పిమ్మట బాగుచేయుట మొదటిది. ఇన్ని గంటలు నడిచిన పిమ్మట, లేక ఇన్ని కిలోమీటర్లు తిరిగిన పిమ్మట తప్పక విప్పి చూచుట రెండవది. యంత్రము యొక్క స్థితిని కొలిచి, అవసరమైనప్పుడే చేయి పెట్టుట మూడవది. మూడవది నిన్న మొన్న పుట్టినది కాదు. యంత్రముల కంపనము ఎంతవరకు సహింపదగునో టి. సి. రాత్‌బోన్ 1939లోనే ఒక వ్యాసమున వివరించెను. ఇంజను నూనెలో కలిసిన లోహపు రేణువులను వర్ణపటము ద్వారా పరీక్షించి అరుగుదలను కనుగొను విధానమును అమెరికాలోని రైల్వేలు 1940 దశకమున వాడుకలోనికి తెచ్చినవి. నేటి సాధనములు ఈ పరీక్షలనే వేగముగను, ఎడతెగకుండను జరుపుచున్నవి.

తరచుగా విప్పి చూచినచో యంత్రము మేలుగా నడుచునని లోకమునకు ఒక నమ్మకము. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిష్ వైమానిక దళపు తీరరక్షణ విభాగమున పనిచేసిన శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షకు పెట్టిరి. విమానములను 50 గంటల కొకమారు విప్పి తనిఖీ చేయుట అచటి ఆచారము. లెక్క కట్టి చూడగా, తనిఖీ ముగిసిన వెంటనే అనుకోని మరమ్మతులు హెచ్చి, పిమ్మట క్రమముగా తగ్గుచుండెను. చక్కగా నడుచుచున్న భాగములను కదలించుటయే కొన్ని లోపములకు కారణమని తేలినది. ఆ బృందమున పనిచేసిన జీవశాస్త్రజ్ఞుడు సి. హెచ్. వాడింగ్టన్ ఈ విషయమును 1973లో వెలువడిన తన గ్రంథమున వివరించెను.

1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు నౌలాన్, హీప్ అమెరికా రక్షణశాఖకు ఒక నివేదిక సమర్పించిరి. వారు పరిశీలించిన విమాన భాగములలో వయస్సుతో పాటు చెడు అవకాశము పెరుగునవి నూటికి 11 మాత్రమే. తక్కిన 89 పాళ్లకు కాలపరిమితి విధించుట వలన లాభము కానరాలేదు. నూటికి 68 పాళ్లు క్రొత్తగా అమర్చిన తొలినాళ్లలోనే ఎక్కువగా చెడుచుండెను.

అయితే ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్లు మణుగూరు గనిలో దించుట పొరపాటు. విమానము దుమ్ములో తిరుగదు. గనిలో డంపరు టైరు, బ్రేకు పట్టీ, కన్వేయరు బెల్టు నిత్యము రాపిడికి లోనగును. ఇవి వయస్సుతో అరుగునవే. వీనికి గంటల లెక్క తగియున్నది. విద్యుత్ పరికరములకు, సున్నితమైన భాగములకు అది తగదు. అన్నింటికిని ఒకే పట్టికను విధించు సాధనము ఎంత ఖరీదైనదైనను మంచిది కాదు.

ఇచటనే ఒక చిన్న సాధనమును మెచ్చుకొనవలసి యున్నది. ఇంజను లోనికి పోవు గాలిని వడగట్టు ఫిల్టరుకు ఒక సూచికను అమర్చుదురు. ఫిల్టరు దుమ్ముతో పూడిన కొలది లోపలి పీడనము తగ్గును. ఆ తగ్గుదల ఒక హద్దు దాటగానే సూచికలో ఎర్రని గుర్తు కనబడును. దీనికి గణకము అక్కరలేదు. వేసవిలో గని బాటలపై దుమ్ము రేగినపుడు ఈ గుర్తు త్వరగా వచ్చును; వర్షాకాలమున ఆలస్యముగా వచ్చును. తేదీ పట్టికకు ఈ భేదము తెలియదు. పైగా ఫిల్టరును అనవసరముగా తీసినచో, తీసిన ప్రతిసారియు కొంత దుమ్ము లోపలికి జారు ప్రమాదము కలదు. ప్రదేశమును, ఋతువును ఎరిగి పలుకుట ఈ చిన్న సూచిక గుణము.

భారజల కర్మాగారము వంటి చోట విషయము మరింత గంభీరమైనది. 1991లో పని ప్రారంభించిన ఈ కర్మాగారమున హైడ్రోజన్ సల్ఫైడ్ అను విషవాయువును విస్తారముగా వాడుదురు. అట్టి చోట్ల ఏ పనికి ముందు ఏ పని ముగియవలెనను క్రమము ప్రాణములతో ముడిపడి యుండును. పాత్రలోని వాయువు పూర్తిగా తొలగినదని రూఢి కాక మూత విప్పరాదు. పెద్ద మరమ్మతులలోని వందలాది పనులను ఇట్లు గొలుసుగా కూర్చి, మొత్తము కాలమును నిర్ణయించు పొడవైన గొలుసును గుర్తించు పద్ధతిని 1957 ప్రాంతమున డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థలవారు రూపొందించిరి. నేటి సంరక్షణ పట్టికలు చేయు గణక పద్ధతులలో దీని జాడ విస్తారముగా కనిపించును. పట్టిక క్రమమును చెప్పగలదు. వాయువు తొలగినదో లేదో కొలిచి చూడవలసినది మాత్రము అక్కడి మనిషియే.

డీజిల్ ఎంత?

ఇక రెండవ తరగతి సాధనములు. టాంకులో డీజిల్ మట్టమును కొలుచుటకు పూర్వము తేలెడు బెండును వాడిరి; నేటికిని వాడుచున్నారు. క్రొత్త సాధనములలో రెండు లోహపు గొట్టములను ఒకదానిలో నొకటి నిలిపి టాంకులో దింపుదురు. డీజిల్ యొక్క రోధక స్థిరాంకము గాలి దానికి రమారమి రెండింతలు. కావున మట్టము మారిన కొలది గొట్టముల విద్యుద్ధారణశక్తి మారును. దానిని బట్టి మట్టమును, మట్టమును బట్టి లీటర్లను లెక్కింతురు.

సాధనము కొలుచునది మట్టము, చెప్పునది లీటర్లు. ఈ రెంటి నడుమ దోషము చొరబడును. పాఠశాలలోనే వేయదగిన లెక్క యొకటి చూడుడు. టాంకు పొడవు 100 సెంటీమీటర్లు, ఎత్తు 60 సెంటీమీటర్లు, పట్టునది 400 లీటర్లు అనుకొందము. అప్పుడు దాని అడుగు వైశాల్యము రమారమి 6,667 చదరపు సెంటీమీటర్లు. ఉపరితల గనులలో బాట వాలు సాధారణముగా 16కు 1 మించరాదని నియమము. అట్టి వాలుపై వాహనము ఆగినచో టాంకు రెండు కొనల నడుమ మట్టపు భేదము 6.25 సెంటీమీటర్లు. కొలుచు గొట్టము ఒక కొనయందు అమర్చబడియున్నచో దోషము అందు సగము, అనగా 3.1 సెంటీమీటర్లు. లీటర్లలో అది దాదాపు 21. ఒక్క చుక్క కారకయే 21 లీటర్లు తగ్గినట్లు తోచును!

వేడిమి వలన కలుగు దోషము మరియొకటి. ఒక డిగ్రీ సెల్సియస్‌కు డీజిల్ పదివేలకు 8 పాళ్లకు పైగా వ్యాకోచించును. కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతముల ఎండలు ప్రసిద్ధములు. ఇంజను నుండి వేడెక్కి తిరిగివచ్చు డీజిల్ టాంకును మరింత కాచును. టాంకులో 300 లీటర్లుండి, రాత్రి 20 డిగ్రీలు చల్లబడినచో ఘనపరిమాణము సుమారు 5 లీటర్లు తగ్గును. తెల్లవారి సాధనము ‘5 లీటర్లు మాయమైనవి’ అని ఫిర్యాదు చేసినచో ఆ రాత్రి వాహనమునకు కాపలా యున్నవాని గతి ఏమి? అతని కూలి, పరువు రెండును ఈ అంకెపై ఆధారపడును. వాలును, వేడిమిని లెక్కలోనికి తీసికొనని సాధనమును సాక్షిగా నిలుపుట న్యాయము కాదు.

ప్రవాహమును కొలుచు మీటర్లు ఇంతకంటె మేలైనవని కొందరందురు. అందును ఒక మెలిక కలదు. అనేక డీజిల్ ఇంజన్లలో పంపిన ఇంధనమంతయు మండదు. మిగిలినది టాంకునకు తిరిగివచ్చును. గంటకు 100 లీటర్లు పోయి 80 తిరిగివచ్చినచో మండినది 20. రెండు మీటర్లలో ఒక్కొక్కటి నూటికి 1 పాలు తప్పినను, ఆ తప్పులు ఎదురెదురు దిక్కులలో నున్నచో మొత్తము 1.8 లీటర్లగును. 20లో అది నూటికి 9 పాళ్లు. పెద్ద సంఖ్యల భేదముగా చిన్న సంఖ్యను కొలుచునపుడు ఈ ప్రమాదము ఎల్లప్పుడు ఉండును.

దీనితో పోల్చదగినది బస్సు డిపోల పాత పద్ధతి. నైజాం కాలమున 1932లో రైల్వేవారు 27 బస్సులతో ప్రారంభించిన రవాణా శాఖయే పిమ్మట ఆర్.టి.సి. అయినది. టాంకును నిండుగా నింపి, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లచే భాగించుటయే ఈ పద్ధతి. బస్సు రోజుకు 300 కిలోమీటర్లు తిరిగి 60 లీటర్లు త్రాగుననుకొందము. నింపుటలో 5 లీటర్ల హెచ్చుతగ్గు వచ్చినచో ఒకనాటి లెక్కలో దోషము నూటికి 8 పాళ్లు. పది దినముల లెక్కలో పోసినది 600 లీటర్లు. నడిమి రోజుల దోషములు తమలో తాము కొట్టుకొనిపోవును. మిగులు దోషము నూటికి 1 పాలు కంటె తక్కువ. ఓర్పు గల కొలతకు ఖరీదైన సాధనము అక్కరలేదు. అయితే ఏ గంటలో, ఏ మలుపులో డీజిల్ వృథా అయినదో ఈ పద్ధతి చెప్పజాలదు. నూతన సాధనముల నిజమైన ఉపయోగము అచటనే యున్నది.

దేనిచే భాగింపవలెను?

కొలత సరియైనను భాగహారము తప్పవచ్చును. భద్రాచలము నుండి ఖమ్మము పోవు బస్సును, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కు బస్సును ఒకే కిలోమీటరు లెక్కతో తూచరాదు. 15 టన్నుల బస్సు 100 మీటర్ల ఎత్తు ఎక్కుటకు కావలసిన స్థితిజశక్తి 1.47 కోట్ల జౌళ్లు. లీటరు డీజిల్‌లో సుమారు 3.6 కోట్ల జౌళ్లున్నను, ఇంజను నూటికి 35 పాళ్లు మాత్రమే పనిగా మార్చుననుకొన్నచో, ఈ ఎక్కుటకే 1.2 లీటర్లు కావలెను. దిగునపుడు ఆ శక్తిలో అధికభాగము బ్రేకులలో వేడియై పోవును. అది డ్రైవరు దోషము కాదు, కొండ గుణము.

గనిలో మరియొక ఉదాహరణము. ఒక డంపరు గంటకు 30 లీటర్ల చొప్పున 8 గంటలలో 240 లీటర్లు వాడి 12 మార్లు బరువు మోసినది. రెండవది గంటకు 40 చొప్పున 320 లీటర్లు వాడి 20 మార్లు మోసినది. గంటల లెక్కలో మొదటిది పొదుపరి. బరువు లెక్కలో మొదటిది మారుకు 20 లీటర్లు, రెండవది 16 లీటర్లు మాత్రమే వాడినవి. మొదటిది ఎక్కువ సేపు ఇంజను ఊరక తిరుగుచు నిలిచినందుననే గంటకు తక్కువ త్రాగినది!

ఎందులకు నిలిచినది? బొగ్గు నింపు షావెల్ చెడి ఆగియున్నందున కావచ్చును. ఈ ప్రశ్నతో రెండు తరగతుల సాధనములు ఒకచోట కలిసికొనుచున్నవి. షావెల్ సంరక్షణ తప్పినచో దాని ఎదుట డంపర్లు బారులు తీరును. బారులు తీరిన డంపర్లు డీజిల్ త్రాగును. ఇంధనపు పుస్తకమును మాత్రమే చూచువాడు డ్రైవరును దూషించును. సంరక్షణ పుస్తకమును మాత్రమే చూచువాడు షావెల్ ఆగిన గంటలను లెక్కించునే గాని, అందుకై మండిన డీజిల్‌ను ఎరుగడు. ఈ రెండు పుస్తకములను పక్కపక్కన పెట్టి చదువని ఏర్పాటు సగము మాత్రమే చూచుచున్నది. ఈ సాధనములపై చేయవలసిన ప్రధాన విమర్శ ఇదియే.

నూతన కల్పన యనదగిన దేది?

ఇట్టి వానికన్నింటికిని ‘నూతన కల్పన’ అను పేరు తగునా? భారత పేటెంట్ల చట్టము, 1970, గణిత పద్ధతిని, వ్యాపార పద్ధతిని, కేవల గణక కార్యక్రమమును పేటెంటు పొందదగిన కల్పనగా అంగీకరింపదు. 3వ విభాగమున ఈ నియమము కలదు. అనగా మరమ్మతుల తేదీలను కూర్చు లెక్క ఎంత చమత్కారముగా నున్నను, అంతమాత్రముననే అది పేటెంటుకు పాత్రము కాదు. వాలును, వేడిమిని ఎరిగి నిజమైన లీటర్లను చెప్పు క్రొత్త మాపకము ఆ హక్కు కోరవచ్చును. ఈ భేదము సబబైనదే.

విద్యార్థులు ఇట్టి సాధనమును గూర్చి విన్నపుడు మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది నిజముగా కొలుచు రాశి యేది? ఆ కొలతలో దోషము ఎంత? వచ్చిన అంకెను దేనిచే భాగించి, ఎవరిపై తీర్పు చెప్పుచున్నారు? సమీపమున బస్సు డిపో యున్నచో ఉపాధ్యాయులు అనుమతి పొంది, ఒక మైదానపు సర్వీసు, ఒక ఘాట్ సర్వీసుల పది దినముల లెక్కను తరగతిలో వేయింపవచ్చును. స్థితిజశక్తి, వ్యాకోచము, దోషగణనము అను మూడు పాఠములు ఆ ఒక్క లెక్కలోనే కలిసి వచ్చును.